మంచా చెడా అన్నది తేలనే లేదు: కల్షీ ఎన్నికల కాంట్రాక్ట్ కేసు

ఎన్నికల ఫలితాల మీద కాంట్రాక్టులు తెచ్చిన అమెరికన్ ఎక్స్ఛేంజ్ కల్షీ కేసు గెలిచింది కదా, అంటే ఎన్నికల మీద ట్రేడింగ్‌లో తప్పేమీ లేదని అమెరికా కోర్టు ఒప్పుకున్నట్టే కదా అనే మాట డెరివేటివ్స్ (ఏదైనా ధర లేదా ఘటనను బట్టి విలువ మారే కాంట్రాక్టులు) రంగంలో పనిచేసేవాళ్ల దగ్గర కూడా వింటున్నాను. తీర్పు చదివితే ఆ మాట ఎక్కడా కనిపించదు. 2024 సెప్టెంబరులో వాషింగ్టన్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టు తేల్చింది ఒక్కటే: చట్టం ఇప్పుడున్న తీరులో ఈ కాంట్రాక్టును ఆపే అధికారం నియంత్రణ సంస్థకు లేదు. ఇది ప్రజలకు మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్న దాకా కోర్టు వెళ్లలేదు. వెళ్లే అవసరం రాకుండా పోవడానికి కారణం నియంత్రణ సంస్థ ఎంచుకున్న వాదనే.

ఎక్స్ఛేంజ్‌లు లిస్ట్ చేయబోయే కాంట్రాక్టుల నిబంధనలు చదివి, ఏ వాక్యం దగ్గర గొడవ వస్తుందో ముందే చెప్పడం నా పని. ఈ కేసును ఆ దృష్టితోనే విప్పి చూస్తాను. కోర్టు వాదనలకంటే ముందు కాంట్రాక్టు దగ్గర ఆగాలి, ఎందుకంటే దీని మీద వచ్చిన వ్యాసాల్లో ఎక్కువ భాగం కాంట్రాక్టును చదవకుండానే రాసినవి.

కాంట్రాక్టులో ఏముంది

కల్షీకి 2020 నవంబరులో కమోడిటీ ఫ్యూచర్స్ ట్రేడింగ్ కమిషన్, అంటే సీఎఫ్‌టీసీ, గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజ్ హోదా ఇచ్చింది. గోధుమ, ముడి చమురు ఫ్యూచర్స్ నడిపే ఎక్స్ఛేంజ్‌లకు ఉండే హోదాయే ఇది. తేడా సరుకులో ఉంది. ఇక్కడ అమ్మేది అవును, కాదు అని జవాబు చెప్పగలిగే ప్రశ్న. ఒక కాంట్రాక్టు విలువ ఒక డాలరు. ‘ఎస్’ వైపు ఒకరు 55 సెంట్లు పెడితే ‘నో’ వైపు ఇంకొకరు 45 సెంట్లు పెడతారు. జవాబు ఎవరి వైపు వస్తే వాళ్లకు డాలరు. డబ్బు మొత్తం ముందే కట్టాలి. ధర నిర్ణయించేది కొనేవాళ్లూ అమ్మేవాళ్లే, ఎక్స్ఛేంజ్‌కు వచ్చేది ఫీజు. బుకీకీ ఎక్స్ఛేంజ్‌కీ ఉన్న అసలు తేడా ఇదేనని కల్షీ మొదటి నుంచీ చెబుతోంది. నిర్మాణం వరకూ ఆ మాట నిజమే.

2023 జూన్ 12న కల్షీ ఒక కొత్త కాంట్రాక్టు చట్టానికి లోబడే ఉందని సొంతంగా ధ్రువీకరించి కమిషన్‌కు పంపింది. ఫలానా కాలానికి ఫలానా సభ ఫలానా పార్టీ అదుపులో ఉంటుందా అన్నది అందులోని ప్రశ్న. ప్రతినిధుల సభకు ఒకటి, సెనేట్‌కు ఒకటి.

‘అదుపు’ అంటే ఏమిటి? ఎక్కువ సీట్లు గెలవడమా? 50-50గా చీలితే? ఏ పార్టీకీ చెందని సెనేటర్లను ఏ లెక్కలో వేయాలి? కల్షీ ఈ చిక్కులన్నిటినీ ఒకే వాక్యంతో దాటింది. ప్రతినిధుల సభకైతే స్పీకర్ ఏ పార్టీవారో చూస్తారు, సెనేట్‌కైతే ప్రెసిడెంట్ ప్రో టెంపొరే (ఉపాధ్యక్షులు లేనప్పుడు సభ నడిపే సెనేటర్) ఏ పార్టీవారో చూస్తారు. సీట్లు లెక్కపెట్టే పని లేదు. ఒక పదవి, ఒక మనిషి, ఒక పార్టీ.

చక్కటి డ్రాఫ్టింగే అది. అయినా తేదీ సరిగ్గా పడకపోతే ఏమవుతుందో చూడండి. 2021 జనవరి 3న కొత్త కాంగ్రెస్ కొలువుదీరినప్పుడు సెనేట్ ప్రెసిడెంట్ ప్రో టెంపొరే రిపబ్లికన్ చక్ గ్రాస్లీ. జనవరి 20న డెమోక్రాట్ కమలా హారిస్, ఓట్లు సమానమైతే సెనేట్‌లో నిర్ణాయక ఓటు వేసే ఉపాధ్యక్షురాలయ్యారు, అదే రోజు మరో ముగ్గురు డెమోక్రాట్లు సెనేటర్లుగా ప్రమాణం చేశారు, ఆ పదవి డెమోక్రాట్ ప్యాట్రిక్ లేహీకి వెళ్లింది. ఎన్నిక ఒకటే, సభ ఒకటే. జనవరి 10న చూస్తే జవాబు రిపబ్లికన్, జనవరి 21న చూస్తే డెమోక్రాట్. 2001లో ఇంకా విచిత్రం జరిగింది. జనవరి 3 నుంచి 20 దాకా డెమోక్రాట్ రాబర్ట్ బర్డ్, ఆ తర్వాత రిపబ్లికన్ స్ట్రామ్ థర్మండ్, జేమ్స్ జెఫర్డ్స్ రిపబ్లికన్ పార్టీ వదలడంతో జూన్ 6న మళ్లీ బర్డ్. ఆర్నెల్లలో ఆ కుర్చీ మూడు సార్లు చేతులు మారింది.

స్పీకర్ సంగతీ అంతే. 2023 జనవరిలో కెవిన్ మెకార్తీ ఎన్నిక కావడానికి 15 రౌండ్ల ఓటింగ్ పట్టింది. మొదటి రౌండ్ జనవరి 3న జరిగితే ఫలితం 7వ తేదీ తెల్లవారుజామున గానీ రాలేదు. ఆ మధ్య రోజుల్లో సభకు స్పీకరే లేరు. అక్టోబర్ 3న ఆయన్ని తొలగించాక 25 దాకా మళ్లీ ఖాళీ. సెటిల్‌మెంట్ తేదీ, అంటే జవాబు తేల్చి డబ్బు చెల్లించే తేదీ, అలాంటి రోజున పడితే ‘ఎస్’కు డాలరు ఇవ్వాలా, ‘నో’కు ఇవ్వాలా? నిబంధనల్లో దానికి జవాబు లేకపోతే అది మార్కెట్ కాదు, వ్యాజ్యం.

ఈ వివరాల మీద ఇంతసేపు ఆగడానికి కారణం ఉంది. కాంట్రాక్టు దేని మీద ఆధారపడి ఉంది అన్న ప్రశ్నే తర్వాత కేసు మొత్తాన్నీ తేల్చింది.

చట్టం రెండు మెట్లు కట్టింది

ఈ రంగానికి మూలం 1936 నాటి కమోడిటీ ఎక్స్ఛేంజ్ యాక్ట్. 1974లో సీఎఫ్‌టీసీ ఏర్పడింది. చాలాకాలం ఎక్స్ఛేంజ్ ఏ కొత్త కాంట్రాక్టు తెచ్చినా దాని వల్ల ఆర్థిక ప్రయోజనం ఉందని చూపించాల్సి వచ్చేది. రిస్కు తగ్గించుకోవడానికో, ధర కనిపెట్టడానికో పనికిరావాలి. 2000లో కాంగ్రెస్ ఆ పరీక్షను తీసేసింది. అనుమతి కోసం ఎదురుచూసే పద్ధతి బదులు సొంత ధ్రువీకరణ వచ్చింది. ఎక్స్ఛేంజ్ కాగితం పంపుతుంది, కమిషన్ అడ్డుపడకపోతే కాంట్రాక్టు మార్కెట్లోకి వచ్చేస్తుంది. కమిషన్ మౌనంగా ఉంటే అనుమతించినట్టే. ఈ ఒక్క మార్పు ప్రాధాన్యం 20 ఏళ్ల తర్వాత గానీ జనానికి తెలిసిరాలేదు.

2010లో ఆర్థిక రంగ సంస్కరణల కోసం డాడ్-ఫ్రాంక్ చట్టం వచ్చినప్పుడు ఈవెంట్ కాంట్రాక్టుల (ఒక ఘటన మీద ఆధారపడే కాంట్రాక్టుల) కోసం ప్రత్యేకంగా ఒక నిబంధన చేర్చారు. దాని వెనక ఒక జ్ఞాపకం ఉంది. 2003లో పెంటగాన్ పరిశోధన విభాగం డార్పా పశ్చిమాసియా రాజకీయ పరిణామాల మీద ఒక ప్రెడిక్షన్ మార్కెట్ (ముందు ఏం జరుగుతుందన్నదాని మీద ట్రేడింగ్ చేసే మార్కెట్) పెట్టబోయింది. ఉగ్రదాడుల మీద బెట్టింగా అని ఇద్దరు సెనేటర్లు బయటపెట్టిన మర్నాడే దాన్ని ఎత్తేశారు.

2010 నిబంధన రెండు మెట్లుగా ఉంది. మొదటి మెట్టులో, కాంట్రాక్టులో జాబితాలోని ఏదైనా విషయం ఇమిడి ఉందా అని చూడాలి. ఆ జాబితాలో ఉన్నవి: ఫెడరల్ లేదా రాష్ట్ర చట్టం ప్రకారం నేరమైన పని, ఉగ్రవాదం, హత్య, యుద్ధం, గేమింగ్, వీటిలాంటిదేనని కమిషన్ రూల్ ద్వారా ప్రకటించిన మరేదైనా పని. ఉంటేనే రెండో మెట్టు: అది ప్రజా ప్రయోజనానికి విరుద్ధమా? రెండూ అవును అయితే కమిషన్ నిషేధించవచ్చు. నిషేధించి తీరాలని చట్టం అనలేదు. అయితే 2011లో కమిషన్ రాసుకున్న 40.11 రూల్ మాత్రం జాబితాలోని విషయాలున్న కాంట్రాక్టును ఎక్స్ఛేంజ్ లిస్ట్ చేయకూడదని నేరుగా అనేసింది. చట్టం ఒక మాట, రూల్ ఇంకో మాట. ఈ పొంతన లేకపోవడం ఇప్పటి క్రీడా కాంట్రాక్టుల వివాదానికి ఆయువుపట్టు. దాని సంగతి తర్వాత.

అంతకుముందు జరిగినవి ఒక్క మాటలో చెప్పుకుంటే చాలు. అయోవా విశ్వవిద్యాలయంలో 1988 నుంచి నడుస్తున్న ఎన్నికల మార్కెట్ అయోవా ఎలక్ట్రానిక్ మార్కెట్స్‌కు చదువు, పరిశోధన కోసమని కమిషన్ సిబ్బంది మినహాయింపు లేఖ ఇచ్చారు, మనిషికి 500 డాలర్ల పరిమితితో. 2014లో ప్రెడిక్టిట్ అనే రాజకీయ ప్రెడిక్షన్ మార్కెట్‌కూ 850 డాలర్ల పరిమితితో అలాంటిదే ఇచ్చి, 2022లో వెనక్కి తీసుకున్నారు, అది వేరే కేసయింది. అసలు ముఖ్యమైనది 2012. ఆ ఏప్రిల్‌లో నేడెక్స్ అనే ఎక్స్ఛేంజ్ తెచ్చిన ఎన్నికల కాంట్రాక్టులను కమిషన్ గేమింగ్ అంటూ నిషేధించింది. నేడెక్స్ కోర్టుకు వెళ్లలేదు. దాంతో ఆ వ్యాఖ్యానం ఏ జడ్జి ముందూ పరీక్షకు నిలబడకుండా 11 ఏళ్లు అలాగే ఉండిపోయింది. కోర్టు పరీక్షకు వెళ్లని వ్యాఖ్యానాన్ని స్థిరపడిన చట్టంలా చూసుకోవడం నియంత్రణ సంస్థలకున్న పెద్ద బలహీనత.

కమిషన్ ఏమంది

2023 సెప్టెంబర్ 22న కమిషన్ కల్షీ కాంట్రాక్టును నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. మొదటి మెట్టుకు రెండు కారణాలు చూపింది. గేమింగ్ అంటే జూదం, జూదం అంటే ఏదైనా పోటీ ఫలితం మీద డబ్బు ఒడ్డడం, ఎన్నికలు పోటీయే, కాబట్టి ఇది గేమింగ్. ఇక రెండోది, చాలా రాష్ట్రాల్లో ఎన్నికల మీద పందెం కాయడం చట్టవిరుద్ధం, కాబట్టి ఇందులో నేరమైన పని కూడా ఇమిడి ఉంది.

రెండో మెట్టులో కమిషన్ చెప్పినవి నిజంగా బరువైన విషయాలు. కాంగ్రెస్ ఏ పార్టీ చేతిలో ఉంటుందన్నదాని ఆర్థిక ప్రభావం ఎన్నో మలుపులు తిరిగి, ఎంతో పలచబడి వస్తుంది. ఫలానా పార్టీ గెలిస్తే ఫలానా పన్ను పెరుగుతుందన్న గ్యారంటీ లేదు. అలాంటప్పుడు ఒక కంపెనీ తన రిస్కును దీంతో ఎలా కొలిచి తగ్గించుకుంటుంది? ఇది ఒక ప్రశ్న. ఇంకోటి ఎన్నికల విశ్వసనీయత. ఓటు మీదా ప్రచారం మీదా డబ్బు లాభం ఉన్నవాళ్లు పెరుగుతారు, తప్పుడు వార్త పుట్టించి ధర కదిలించే ప్రలోభం పెరుగుతుంది. ఏదైనా జరిగితే దర్యాప్తు చేయాల్సింది కమిషనే. గోధుమ మార్కెట్‌ను కాపలా కాసే సంస్థ ఎన్నికల పోలీసుగా మారాల్సి వస్తుంది.

కల్షీ దగ్గర వీటికి జవాబులు ఉన్నాయి. అభ్యర్థులు, ప్రచార సిబ్బంది లాంటివాళ్లు ట్రేడ్ చేయకుండా నిబంధనల్లోనే నిషేధం పెట్టింది. ప్రభుత్వ విధానం మారితే నష్టపోయే వ్యాపారాలు నిజంగానే ఉన్నాయని వాదించింది. ఈ రెండు పక్షాలనూ సాక్ష్యాలతో తూచితే ఎటు మొగ్గేదో నాకు తెలుసుకోవాలని ఉంది. ఆ తూకం ఏ కోర్టులోనూ జరగలేదు.

ఒక్క క్రియ దగ్గర తెగిన కేసు

2023 నవంబరులో కల్షీ దావా వేసింది. జడ్జి జియా కాబ్ 2024 సెప్టెంబర్ 6న కల్షీ పక్షాన సమ్మరీ జడ్జిమెంట్ (పూర్తి విచారణ లేకుండానే చట్టం మీద ఇచ్చే తీర్పు) ఇచ్చి, 12న కారణాలతో పూర్తి తీర్పు విడుదల చేశారు. మధ్యలో, 2024 జూన్ 28న, అమెరికా సుప్రీంకోర్టు లోపర్ బ్రైట్ కేసులో 1984 నాటి షెవ్రాన్ సిద్ధాంతాన్ని కొట్టేసింది. చట్టంలో మాట అస్పష్టంగా ఉంటే సంస్థ చెప్పిన సహేతుకమైన అర్థాన్నే కోర్టు ఒప్పుకోవాలన్న పాత రక్షణ కమిషన్‌కు లేకుండా పోయింది. చట్టం అర్థం ఏమిటో జడ్జే సొంతంగా తేల్చుకోవాలి.

చట్టంలో ‘ఇన్వాల్వ్’ అనే క్రియ ఉంది. కాంట్రాక్టులో ఇమిడి ఉన్న పని అంటే ఏ పని? కాంట్రాక్టు ఏ ఘటన మీద ఆధారపడిందో ఆ ఘటనలోని పనా? లేక ఆ కాంట్రాక్టును కొనడం, అమ్మడం అనే పనా?

కమిషన్ రెండో అర్థం పట్టుకుంది. ఎన్నిక జూదం కాకపోయినా, ఎన్నిక మీద కాంట్రాక్టు కొనడం జూదమే అంది. ఇది పట్టుకోక దానికి గత్యంతరం లేదు, ఎందుకంటే ఓటు వేయడం నేరమూ కాదు, ఆటా కాదు. కానీ ఇదే అర్థాన్ని జాబితాలోని మిగతా మాటలకు పెట్టి చూడండి. ఉగ్రవాదం ఇమిడి ఉన్న కాంట్రాక్టు: దాన్ని కొనడం ఉగ్రవాదమా? యుద్ధం మీద కాంట్రాక్టు కొంటే యుద్ధం చేసినట్టా? హత్య సంగతి? ఎక్కడా అతకదు. ఆ మాటలన్నిటికీ ‘ఇన్వాల్వ్’ అంటే కాంట్రాక్టు వెనకున్న ఘటన అనే అర్థం చెప్పుకోవాలి. ఒకే వాక్యంలో ఒకే క్రియకు మూడు మాటల దగ్గర ఒక అర్థం, రెండు మాటల దగ్గర ఇంకో అర్థం ఎలా ఇస్తారని జడ్జి అడిగారు.

నేరమైన పని అన్న వాదనకు దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. చాలా రాష్ట్రాల చట్టాల్లో జూదానికి నిర్వచనం చాలా విశాలం. ఏం జరుగుతుందో తెలియని ఏ ఘటన మీదైనా విలువైనది ఒడ్డితే జూదమే. కమిషన్ చెప్పిన అర్థం ప్రకారం వడ్డీ రేటు మీద, వర్షపాతం మీద ఉన్న కాంట్రాక్టులు కూడా నేరమైన పనులే అవుతాయి. అప్పుడు ప్రతి ఈవెంట్ కాంట్రాక్టూ మొదటి మెట్టు ఎక్కేసినట్టే. అలాంటప్పుడు కాంగ్రెస్ జాబితా ఎందుకు రాసింది? తాను చెప్పేది ఎన్నికల పందేలను పేరు పెట్టి నిషేధించిన రాష్ట్ర చట్టాల గురించేనని కమిషన్ అంది. చట్టంలో ఆ తేడా ఎక్కడుందని కోర్టు తిరిగి అడిగింది.

గేమింగ్ అంటే డబ్బు పెట్టి ఆటలు ఆడడం అని జడ్జి తేల్చారు. ఎన్నిక ఆట కాదు, నేరం కాదు. కాబట్టి మొదటి మెట్టే లేదు. మొదటి మెట్టు లేనప్పుడు ప్రజా ప్రయోజనం గురించి కమిషన్ చెప్పినది సబబా కాదా అన్నది చూడాల్సిన పని లేదు. అక్కడితో తీర్పు ముగిసింది.

చట్టం చదవడంలో జడ్జి సరైన దారిలోనే వెళ్లారని నా అభిప్రాయం. కమిషన్ భయాలు నిజమైనవే, కానీ అవన్నీ రెండో మెట్టులోనివి. ఆ భయాల బరువుతో మొదటి మెట్టును సాగదీయబోయింది. అంతకంటే బాధ కలిగించే విషయం, చట్టంలోనే ఇంకో తలుపు తెరిచి ఉంది. జాబితాలో చివరి అంశం చూడండి: వీటిలాంటిదేనని కమిషన్ రూల్ ద్వారా ప్రకటించిన మరేదైనా పని. ఎన్నికలు గేమింగ్ కిందకు రాకపోయినా, గేమింగ్ లాంటివేనని నోటీసు ఇచ్చి, ప్రజాభిప్రాయం తీసుకుని, రూల్ చేసి ఉంటే వాదన పూర్తిగా వేరుగా ఉండేది. ఓడిపోయేదేమో, కానీ కనీసం ప్రజా ప్రయోజనం అనే అసలు విషయం మీద రికార్డు తయారయ్యేది. 2012 నుంచి 2023 దాకా అందుకు సమయం ఉంది. 2024 మేలో, కేసు నడుస్తుండగా, 3-2 ఓటుతో ఒక రూల్ ప్రతిపాదించారు. అందులోనూ గేమింగ్ నిర్వచనాన్నే ఎన్నికల దాకా విస్తరించబోయారు.

కొన్ని గంటల మార్కెట్

సెప్టెంబర్ 12న తీర్పు రాగానే కల్షీ కాంట్రాక్టులు మార్కెట్లో పెట్టింది. ఆ రాత్రే అప్పీల్ కోర్టు తాత్కాలికంగా ఆపేసింది. ట్రేడింగ్ నడిచింది కొన్ని గంటలే. అక్టోబర్ 2న ముగ్గురు జడ్జిల బెంచ్ స్టే ఇవ్వడానికి నిరాకరించింది. మిల్లెట్, పిలార్డ్, పాన్ ఆ బెంచ్‌లో ఉన్నారు. ఎన్నికలకు అప్పటికి ఐదు వారాలే ఉంది.

స్టే నిరాకరణను చాలామంది రెండో గెలుపుగా లెక్కేశారు. నిజానికి బెంచ్ చూసింది కోలుకోలేని నష్టం జరుగుతుందని కమిషన్ చూపించిందా లేదా అన్నదే. ఎన్నికలకు హాని జరుగుతుందన్న ఆందోళన అర్థం చేసుకోదగ్గదేనంది. దానికి కళ్లకు కట్టే ఆధారం మాత్రం కమిషన్ ముందు పెట్టలేదంది. ఆధారం దొరికితే మళ్లీ రావచ్చని తలుపు తెరిచే ఉంచింది. అసలు అప్పీల్ మీద తీర్పు రావాల్సి ఉండగా, కొత్త ప్రభుత్వం వచ్చాక 2025 మేలో కమిషనే అప్పీల్‌ను వదులుకుంది.

అలా ఈ కేసులో చట్టం మీద మిగిలింది ఒక జిల్లా కోర్టు తీర్పు. మరో జిల్లా కోర్టు దానికి కట్టుబడాల్సిన పని లేదు. క్లయింట్లకు ఇచ్చే లీగల్ ఒపీనియన్‌లో ఈ వాక్యం ముందు పేజీలోనే ఉండాలి. చాలా ఒపీనియన్లలో కనిపించదు.

గెలిచిన వాదన క్రీడల దగ్గర ఎదురు తిరిగింది

2025 జనవరిలో కల్షీ క్రీడా ఫలితాల మీద కాంట్రాక్టులు మొదలుపెట్టింది. క్రిప్టో.కామ్ అనే మరో సంస్థ అంతకు నెల ముందే దిగింది. ఇక్కడ ఎన్నికల కేసు ఫైలు మళ్లీ తెరవాలి.

గేమింగ్ అంటే ఆట అని, ‘ఇన్వాల్వ్’ అంటే కాంట్రాక్టు వెనకున్న ఘటన అని కల్షీయే వాదించి గెలిచింది. ఆ రెండు అర్థాలూ కలిపి ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌కు పెట్టండి. వెనకున్న ఘటన మ్యాచ్, మ్యాచ్ ఆట. జాబితాలో దీనికంటే సూటిగా ఇమిడేది ఇంకేముంటుంది? అప్పీల్ కోర్టులో వేసిన పత్రంలో కల్షీ తనే ఈ మాట అంది. క్రీడా ఫలితం మీద కాంట్రాక్టే గేమింగ్‌కు అసలైన ఉదాహరణ అని, డెరివేటివ్స్ మార్కెట్లలో క్రీడా బెట్టింగ్ నడవడం కాంగ్రెస్‌కు ఇష్టం లేదని రాసింది. 2010 నాటి సెనేట్ చర్చ కూడా అదే చెబుతుంది. సెనేటర్ బ్లాంచ్ లింకన్ అప్పుడు సూపర్ బౌల్, కెంటకీ డెర్బీ, మాస్టర్స్ గోల్ఫ్ టోర్నమెంట్ పేర్లు చెప్పి, వాటి మీద ఈవెంట్ కాంట్రాక్టులు తయారుచేయడం చాలా సులువని, అవి జూదానికి తప్ప వ్యాపార అవసరానికి పనికిరావని హెచ్చరించారు.

అయినా కమిషన్ ఈ కాంట్రాక్టులను నిషేధించలేదు. చట్టం నిషేధించవచ్చు అంది గానీ నిషేధించి తీరాలి అనలేదు. కమిషన్ రాసుకున్న 40.11 రూల్ మాత్రం లిస్ట్ చేయకూడదని అంటూనే ఉంది. నిషేధ ఉత్తర్వు లేదు కాబట్టి అనుమతి ఉన్నట్టేనని ఎక్స్ఛేంజ్‌లు, సొంత రూల్‌నే అమలు చేయని సంస్థ మౌనాన్ని అనుమతి అని ఎలా అంటారని రాష్ట్రాలు.

2018లో మర్ఫీ కేసులో సుప్రీంకోర్టు క్రీడా బెట్టింగ్ మీద ఉన్న ఫెడరల్ అడ్డు తీసేశాక రాష్ట్రాలు ఒక్కొక్కటిగా లైసెన్సులు, పన్నులు, వయసు పరిమితులు, వ్యసనపరులను దూరంగా ఉంచే ఏర్పాట్లతో సొంత వ్యవస్థలు కట్టుకున్నాయి. లైసెన్స్ లేకుండా అదే సరుకు అమ్మితే అవి ఊరుకుంటాయా? 2025 మార్చిలో నెవాడా, న్యూజెర్సీ రెండూ కల్షీకి ఆపేయమని నోటీసులిచ్చాయి. కల్షీ కోర్టుకెక్కింది. రిజిస్టరైన ఎక్స్ఛేంజ్‌లో స్వాప్‌ల (ఒక ధర లేదా ఘటనను బట్టి రెండు పక్షాలు డబ్బు ఇచ్చిపుచ్చుకునే కాంట్రాక్టుల) మీద అధికారం కమిషన్‌కే ప్రత్యేకమని చట్టం చెబుతోంది, కాబట్టి రాష్ట్రాల జోక్యం చెల్లదని దాని వాదన.

ఏప్రిల్‌లో రెండు రాష్ట్రాల ఫెడరల్ కోర్టులూ కల్షీకి ఇంజంక్షన్ (రాష్ట్రాల చర్యను ఆపే ఉత్తర్వు) ఇచ్చాయి. ఆగస్టులో మేరీలాండ్ కోర్టు ఇవ్వలేదు. ప్రజల రక్షణ కోసం జూదాన్ని నియంత్రించడం తరతరాలుగా రాష్ట్రాల పని, దాన్ని లాగేసుకోవాలని కాంగ్రెస్ స్పష్టంగా చెప్పిన దాఖలా లేదంది. నవంబరులో నెవాడాలో ఏప్రిల్ నాటి జడ్జే తన ఇంజంక్షన్‌ను తానే ఎత్తేశారు. చట్టంలో స్వాప్ నిర్వచనం ఒక ఘటన జరగడం, జరగకపోవడం గురించి మాట్లాడుతుంది, ఘటన ఫలితం గురించి కాదని ఆయన కొత్తగా చదివారు. మ్యాచ్ జరగడం ఘటన, ఎవరు గెలిచారన్నది ఫలితం. ఈ విభజన నాకు నిలిచేదిగా అనిపించదు. ఎన్నికకూ ఇదే పెడితే ఎన్నిక జరగడం ఘటన, గెలుపు ఫలితం అవుతుంది, వడ్డీ రేట్ల మీటింగ్‌కూ అంతే. జూదాన్ని పట్టుకోబోయి సగం డెరివేటివ్స్‌ను పట్టుకునే వల ఇది. కమిషన్ 2023లో ఇలాగే విశాలంగా చదవబోయి దెబ్బతింది.

మేరీలాండ్ దారి నాకు ఇంకా గట్టిదిగా కనిపిస్తోంది. అందులో నిర్వచనాలతో కుస్తీ తక్కువ. జూదం మీద రాష్ట్రాల అధికారాన్ని తీసేసుకోవాలంటే కాంగ్రెస్ ఆ మాట స్పష్టంగా చెప్పాలని అడుగుతుంది. 2010లో కాంగ్రెస్ మాట్లాడింది ఇందుకు వ్యతిరేకంగానే.

కాంట్రాక్టు రాసేవాళ్లు, ఒపీనియన్ ఇచ్చేవాళ్లు

ఈ కేసు చూశాక నేను ఎన్నికలు, క్రీడలు రెండింటికీ కలిపి ఒకే ఒపీనియన్ ఇవ్వడం ఒప్పుకోను. ఒకదాన్ని కాపాడే వాక్యమే రెండోదాన్ని ముంచుతుంది. ఎన్నికల కాంట్రాక్టుకు కాబ్ తీర్పు అండ, అదీ ఒక జిల్లా కోర్టు స్థాయిలో. క్రీడా కాంట్రాక్టుకు అదే తీర్పు ఎదుటి పక్షం చేతిలో ఆయుధం. దానికి ఆధారపడాల్సింది కమిషన్‌కున్న ప్రత్యేక అధికారం, కమిషన్ మౌనం. కమిషన్‌లో మనుషులు మారితే ఆ మౌనం మారుతుంది.

డ్రాఫ్టింగ్‌లోనూ తేడా కనిపించాలి. ఘటన ఏది, దాన్ని ధ్రువీకరించే మూలం ఏది, ఏ తేదీన చూడాలి, ఆ తేదీన జవాబు లేకపోతే ఏం చేయాలి అన్నవి అందరూ రాస్తారు. ఫలితాన్ని మార్చగలిగే స్థానంలో ఎవరున్నారన్నది కూడా రాయాలి. చట్టం ఎక్స్ఛేంజ్‌ను సులభంగా తారుమారు చేయలేని కాంట్రాక్టులనే పెట్టమంటుంది. సభ ఎవరి చేతిలో ఉంటుందన్నది కోట్ల మంది ఓటర్లు తేలుస్తారు. ఒక ఆటగాడు తర్వాతి బంతి ఎలా వేస్తాడన్నది ఒక్కడి చేతిలో ఉంటుంది. ఒక అధికారి ప్రసంగంలో ఫలానా మాట అంటాడా అన్నది ఆ ప్రసంగం టైప్ చేసిన ఉద్యోగికి కూడా ముందే తెలుసు. ప్రభుత్వ ఉద్యోగులు తమ పనిలో తెలిసిన రహస్య సమాచారంతో ట్రేడ్ చేయకూడదని 2010 చట్టమే చెబుతోంది. అయినా నిషేధిత ట్రేడర్ల జాబితా ఒక మూస పేరాగా అన్ని కాంట్రాక్టులకూ అతికించడం చూస్తున్నాను. కల్షీ ఎన్నికల కాంట్రాక్టులో ఆ జాబితా ఆ కాంట్రాక్టు కోసమే రాసింది.

కొత్త కాంట్రాక్టు నా ముందుకు వచ్చినప్పుడు, 2023 ఉత్తర్వులోని రెండో మెట్టు పేజీలు తీసి పక్కన పెట్టుకుంటాను. ఆ ఉత్తర్వు చట్టపరంగా చెల్లలేదు. కానీ రిస్కు తగ్గించుకోవడానికి ఇది నిజంగా ఎవరికి పనికొస్తుంది, దీని మీద డబ్బున్నవాళ్లు దేన్ని కదిలించాలని చూస్తారు, గొడవ జరిగితే దర్యాప్తు చేసే శక్తి ఎవరికుంది అన్న ఆ పేజీల్లోని ప్రశ్నలను ఏ కోర్టూ కొట్టేయలేదు. రేపు రూల్ మారినా, కాంగ్రెస్ కొత్త చట్టం చేసినా, రాష్ట్ర కోర్టులో సాక్ష్యాల విచారణ జరిగినా ముందుగా అడిగేవి అవే, అందుకే క్లయింట్ దగ్గర వాటికి లిఖితపూర్వక జవాబులు లిస్టింగ్‌కు ముందే తీసుకుంటున్నాను.